అప్‌డేట్: 200 కిలోమీటర్ల సైకిల్ బ్రెవేకు నల్లగొండ నుంచి తయారీ

అన్నలూ, అక్కలూ, ఎండకాలం ముందు అడిగిన గుర్తుందా? రోజూ పానగల్లు చెరువు దాకా సైకిల్ తొక్కేటోన్ని, 200 కిలోమీటర్ల బ్రెవేకు (పోటీ కాదు, గడువు లోపల పూర్తి చెయ్యాల్సిన దూరపు సైకిల్ ప్రయాణం) ఎట్ల తయారు కావాలె అని. మీరు చెప్పినయి చేస్తున్న, ఫలితం కనపడుతున్నది.

అన్నిటికంటే పనికొచ్చింది 'మాట్లాడుకుంట తొక్కగలిగే వేగం' సలహా. గడువు 13 గంటల 30 నిమిషాలు కాబట్టి, ఆగిన టైం కలుపుకొని గంటకు 15 కిలోమీటర్లు పడితే చాలు. ఈ లెక్క తెలిసినంక వేగం మీద యావ పోయింది. హాలియా మీదుగ సాగర్ రోడ్డులో ఎదురుగాలి కొడితే చిన్న గేరు వేసి, పెడల్ తిరుగుడు తగ్గకుంట చూసుకుంటున్న. వారం వారం దూరం కొద్దికొద్దిగ పెంచి, నాలుగో వారం తగ్గిస్తున్న. ఆ విశ్రాంతి వారం నిజంగ మందు లెక్క పనిచేస్తది.

సీటు ఎత్తు కూడ సరిచేసిన: పెడల్ కింద ఉన్నప్పుడు మడిమ పెడితే కాలు చక్కగ సాగాలె. మోకాలి ముందు నొప్పి పోయింది.

నీళ్లు మాత్రం ఇంటి నుంచే. మర్రిగూడ, మునుగోడు దిక్కు బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్ ఎక్కువన్న సంగతి మనకు తెల్వనిది కాదు. లీటరుకో ఓఆర్‌ఎస్ ప్యాకెట్, జేబుల అరటిపండ్లు, పల్లిపట్టీలు.

ఇగ మిగిలింది చీకట్ల తొక్కుడు. నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీద లారీలు ఎక్కువ. ముందట తెల్ల లైటు, ఎనుక ఎర్ర లైటు, మెరిసే జాకెట్ కొన్నంకనే మొదలుపెడుత.