సిగుర్డ్ తవ్వింది ఒక్క గొయ్యా, చాలా గోతులా?

ఎడ్డా పాఠకుడు:
బంగారం కాపలా కాసే మహాసర్పం ఫాఫ్నిర్‌ను చంపడానికి నార్స్ పురాణ వీరుడు సిగుర్డ్ గొయ్యి తవ్వాడు, ఇందులో తగువు లేదు. ఎన్ని తవ్వాడన్న దగ్గరే పేచీ. నేను ఒక్కటే అంటాను. పాత నార్స్ పాటల సంకలనమైన ఎడ్డాలోని ఫాఫ్నిస్మాల్ వచన భాగంలో దారి మీద ఒక పెద్ద గొయ్యి, అంతే. 1220 ప్రాంతంలో ఐస్లాండ్ రచయిత స్నోరి రాసిన మరో ఎడ్డాలోనూ ఒక్కటే. పొడుగు గడ్డం ముసలాయన వచ్చి ఇంకొన్ని తవ్వమనడం సిగుర్డ్ వంశం కథ చెప్పే వొల్సుంగ సాగాలోనే ఉంది. ఆ ముసలాయన మారువేషంలోని దేవుడు ఓడిన్; అతన్ని తేవడానికి వేసిన అతుకు అది.

గోతుల పక్షం:
ఆ అతుకు విప్పేస్తే సాగాలో రెగిన్ (సిగుర్డ్‌ను పెంచిన కమ్మరి, ఫాఫ్నిర్ తమ్ముడు) కుట్రే నిలవదండీ. ఒక్క గొయ్యి తవ్వి కూర్చోమన్నది రెగినే. "పాము నెత్తురు నా మీద పడితే?" అని సిగుర్డ్ అడిగితే, జవాబు ఇవ్వకుండా పిరికివాడికి సలహా దండగని దెప్పాడు. ఫాఫ్నిర్ నీళ్లకు వెళ్లే దారి అది. పైన పాకే పొట్ట, కింద గోతిలో మనిషి. కత్తి దిగిందంటే నెత్తురంతా ఆ గోతిలోకే. అన్న చస్తాడు, చంపినవాడు మునుగుతాడు, బంగారం రెగిన్‌ది. ఓడిన్ సలహా సరిగ్గా దీనికే విరుగుడు: నెత్తురు పారడానికి వేరే గోతులు, కూర్చోవడానికి ఒకటి.

ఎడ్డా పాఠకుడు:
కుట్ర సంగతి ఒప్పుకుంటాను. కానీ గాయం నెత్తి మీదే ఉంటే, పక్కన ఎన్ని గోతులున్నా ముందు నిండేది తను కూర్చున్నదే కదా? వాటిని కలుపుతూ కాలువ తీశాడని సాగాలో లేదు.

గోతుల పక్షం:
పొడిచాక ఏం చేశాడో చూడండి. కత్తి ఎడమ జబ్బ కింద పిడి దాకా దిగింది. సిగుర్డ్ గోతిలోంచి పైకి దూకి కత్తి లాక్కున్నాడు. చేతులు భుజాల దాకా నెత్తురు. సాగా ఇచ్చిన కొలత అదే, మెడ దాకా కాదు. అంటే గొయ్యి నిండేదాకా అతను లోపల లేడు. ఆ తర్వాత తల, తోక కొట్టుకుంటూ పొర్లిన పాము కార్చిన నెత్తురుకే మిగతా గోతులు.

రూనుల రాయి:
స్వీడన్‌లోని రామ్‌సుండ్ బండను ఇద్దరూ మరిచారు. 1030 ప్రాంతపు చెక్కడం. రూనులు, అంటే పాత ఉత్తర ఐరోపా లిపి అక్షరాలు, చెక్కిన పట్టీయే పాము ఒళ్లు; సిగుర్డ్ దాని కింద ఉండి పైకి పొడుస్తున్నాడు. పక్కనే తల తెగిన రెగిన్, సుత్తి, పటకారు, తిత్తులు. కింది నుంచి పొడవడం పాతదేనని దీంతో తేలుతుంది. గోతుల లెక్కకు మాత్రం ఇది సాక్ష్యం కాదు, అందులో గొయ్యే చెక్కలేదు.

ఎడ్డా పాఠకుడు:
బాగా గుర్తు చేశారు. నా అతుకు మాట కూడా కాస్త సవరించుకుంటాను: సిగుర్డ్‌కు ఓడిన్ సలహాలివ్వడం మరో పాత పాట రెగిన్స్‌మాల్‌లోనే ఉంది, హ్నికర్ పేరుతో, ఓడ ప్రయాణంలో. గోతుల సంఖ్య మీద మాత్రం నా మాట మారదు. ఫాఫ్నిస్మాల్‌లో భయపెట్టేది నెత్తురు కాదు, విషం. పాము ఊదిన విషం సిగుర్డ్ తల మీదుగా పోతుంది. ఆ విషం తగలకుండా నక్కడానికి ఒక్క గొయ్యి చాలు.