స్నేహితుడు ప్రసాదం ఇస్తే మన పిల్లలు ఏం చెప్పాలి?

అందరికీ వందనాలు. గాజువాకలో సండేస్కూల్ 9, 10 తరగతుల పిల్లలకు, బడిలో స్నేహితులతో విశ్వాసం గురించి ఎలా మాట్లాడాలో నేర్పుతున్నాం. సాక్ష్యం (దేవుడు తమ జీవితంలో ఏం చేశాడో చెప్పడం) రెండు నిమిషాలు దాటకూడదు, ఇంటర్వెల్ ఉండేదే కాసేపు. కరపత్రాలు వద్దు. అడిగినవాళ్లకే, అదీ సాత్వికంగా చెప్పాలి (బైబిల్లో 1 పేతురు 3:15). 'రక్షణ' (పాపం నుంచి విడుదల), 'మారుమనస్సు' (పాపం విడిచి దేవుని వైపు తిరగడం) లాంటి చర్చి మాటలు తీసేయిస్తున్నాం. బయటి పిల్లలకు రక్షణ అంటే పోలీసులో, నేవీయో! సెమీ క్రిస్మస్‌కి (క్రిస్మస్‌కి ముందు జరుపుకునే వేడుక) పిలిస్తే స్నేహితుడి ఇంట్లో ముందే చెప్పించాలి. దాచి తీసుకొస్తే నమ్మకం పోతుంది.

చిక్కంతా వినాయక చవితి మర్నాడు. డబ్బాలో ఉండ్రాళ్లు తెచ్చి ప్రేమగా పెడతారు. 1 కొరింథీ 10:27 ప్రకారం ఆరా తీయకుండా తినొచ్చు. 28, 29 ప్రకారం, విగ్రహానికి అర్పించినదని ఎవరైనా చెబితే, ఆ చెప్పినవాడి మనస్సాక్షి కోసం తినకూడదు. మొహం మీదే 'మేం తినం' అంటే ఆ పిల్లాడు చిన్నబుచ్చుకుంటాడు, ఆ తర్వాత ఏం చెప్పినా చెవికెక్కదు. తినేసి ఇంట్లో దాచేవాళ్లూ ఉంటారు, అది ఇంకో తలనొప్పి.

పదిహేనేళ్ల పిల్లలు నొప్పించకుండా కాదనడానికి మీ సంఘాల్లో ఏ మాటలు నేర్పుతున్నారు? ఒకట్రెండు వాక్యాలు, పిల్లలు పలికేలాగే రాయండి. మన విశాఖ యాసలో అయితే మరీ మంచిది.