గ్రీకుల పాత మాటల్లో మీకు నిజంగా తగిలినవి ఏవి?

గోదారి_గట్టు:
గ్రీసులోని డెల్ఫీలో అపోలో దేవుడి గుడి దగ్గర చెక్కి ఉండేవని చెప్పే మాటల్లో "నిన్ను నువ్వు తెలుసుకో", "ఏదీ అతిగా వద్దు" అందరికీ తెలుసు. మూడోదాన్ని ఎవరూ వాట్సాప్ స్టేటస్ పెట్టుకోరు: "హామీ పడ్డావా, చేటు పక్కనే ఉంది". ప్లేటో రాసిన 'ఖార్మిడీస్'లో మూడూ కలిసే వస్తాయి. నాకు మాత్రం ఈ మూడోదే బాగా ఇష్టం. మా నాన్న ఒక స్నేహితుడి చిట్టీకి షూరిటీ సంతకం పెట్టారు, ఆయన చిట్టీ పాడుకుని వాయిదాలు ఎగ్గొట్టాడు, నోటీసు మా ఇంటికొచ్చింది, ఆ తర్వాత నాన్న జీతంలోంచి కోత. అప్పటి జనానికీ ఇదే బాధ ఉండబట్టే కదా గుడి దగ్గర రాసిపెట్టారు! మీకు అలా తగిలినవి చెప్పండి.

వార్డు_డ్యూటీ:
"జీవితం చిన్నది, విద్య పెద్దది." పాతకాలపు గ్రీకు వైద్యుడు హిప్పోక్రటీస్ పేరు మీద ఉన్న సూత్రాల్లో మొదటిది. అందరూ అక్కడితో ఆపేస్తారు గానీ అసలు సంగతి చివర్లో ఉంది: వైద్యుడు తన పని తాను సరిగ్గా చేస్తే చాలదు, రోగి, పక్కనున్నవాళ్లు, చుట్టూ పరిస్థితులు కూడా కలిసిరావాలి అంటాడు. నేను నర్సుని. ఆపరేషన్‌కి ముందు ఏమీ తాగించొద్దని రెండుసార్లు చెప్పి వెళ్తాం, పాపం నోరెండిపోతోందని చాటుగా కాఫీ పట్టేస్తారు, ఇక ఆ రోజుకి ఆపరేషన్ వాయిదా. ఆ వాక్యం రాసినాయన ఏదో వార్డులో నిలబడే రాశాడనిపిస్తుంది నాకు.

పాత_పుస్తకం:
ఒక్క మనవి. "మనం పదే పదే చేసేదే మనం" అని అరిస్టాటిల్ ఫొటోతో తిరిగేది ఆయన వాక్యం కాదు, ఆయన ఆలోచనని వివరిస్తూ అమెరికా రచయిత విల్ డ్యూరాంట్ 1926లో రాసినది. అరిస్టాటిల్ నిజంగా అన్నది ఇంకా బాగుంటుంది: ఒక్క వానకోయిల కనిపిస్తే వసంతం వచ్చినట్టు కాదు, అలాగే ఒక్క మంచి రోజుతో మనిషి సుఖపడినట్టూ కాదు.

నెమ్మది_నడక:
నాది ఎపిక్టీటస్ అనే గ్రీకు తత్వవేత్త మాట. "మనుషుల్ని కలవరపెట్టేది జరిగినవి కాదు, వాటి మీద వాళ్ల అభిప్రాయాలు." టెన్షన్ ఎక్కువై కౌన్సెలింగ్‌కి వెళ్తే కాగితం మధ్యలో గీత గీయించి, ఎడమవైపు జరిగింది, కుడివైపు నేను అనుకున్నది రాయించారు. "మేనేజర్ మెయిల్‌కి జవాబివ్వలేదు" ఎడమవైపు, "నన్ను తీసేస్తున్నారు" కుడివైపు. ఈ పద్ధతికి దారి వేసినవాళ్లలో ఒకరైన మనస్తత్వవేత్త ఆల్బర్ట్ ఎల్లిస్ ఎపిక్టీటస్ ఋణం బాహాటంగానే ఒప్పుకున్నారని తర్వాత తెలిసింది.

గోదారి_గట్టు:
నెమ్మది గారూ, బాగుంది గానీ జీతం కోత అభిప్రాయం కాదు కదండీ. మా అమ్మ గాజులు తాకట్టు పెట్టింది.

నెమ్మది_నడక:
కాదండి, మీరన్నది నిజమే. ఎపిక్టీటస్ కూడా కష్టం లేదనడు. స్వయంగా బానిసగా బతికినవాడు. మన చేతిలో ఉన్నవి, లేనివి విడదీసుకోమంటాడు, అంతే. కోత మీ నాన్నగారి చేతిలో లేదు, ఆ స్నేహితుడి మీద రాత్రంతా రగిలిపోవాలా వద్దా అన్నది మాత్రం ఆయన చేతిలోనే ఉంది.

గోదారి_గట్టు:
నాన్న నిజంగానే రాత్రుళ్లు రగిలిపోయేవారు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి, చదువుతాను.

నెమ్మది_నడక:
'ఎన్‌ఖిరిడియన్'. ఎపిక్టీటస్ మాటల్ని ఆయన శిష్యుడు ఏరియన్ కూర్చిన చిన్న పుస్తకం, యాభై పైచిలుకు చిన్న చిన్న భాగాలే. పాత ఇంగ్లీషు అనువాదాలు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. మొదటి భాగం నెమ్మదిగా చదవండి, మిగతావన్నీ దాన్నుంచే వస్తాయి.