విషయసూచికలో ఉపశీర్షికలు ఉంచాలా, తీసేయాలా?

మా నాన్నగారి వ్యవసాయ వ్యాసాలను పుస్తకంగా వేస్తున్నాం. వర్డ్‌లో వ్యాసాల పేర్లకు హెడింగ్ 1, ఉపశీర్షికలకు హెడింగ్ 2 స్టైల్ ఇచ్చి విషయసూచిక తయారుచేశాను. పేజీల అంకెలు సరిగానే వస్తున్నాయి కానీ, సూచికే ఆరు పేజీలకు పాకింది! ‘వరి నారుమడిలో జింకు లోపం: గుర్తించే పద్ధతులు, నివారణ’ వంటి పొడవాటి పేర్లు రెండో వరుసలోకి దిగి, కింది పేరుతో కలిసిపోతున్నాయి. ఆ వరుసను కాస్త లోపలికి జరిపి, అంకెను కుడి అంచునే నిలపడం ఎలా?

ఉపశీర్షికలు తీసేద్దామంటే, ఫలానా తెగులు కోసం వెతికే రైతుకు దారి దొరకదు. చివర పదసూచిక ఇస్తే సరిపోతుందా? నాకైతే రెండూ ఉంటేనే మేలనిపిస్తోంది.

ఇంకొకటి. ముందుమాటలకు రోమన్ అంకెలు పెట్టాను. సెక్షన్ బ్రేక్ ఇచ్చినా మొదటి వ్యాసం 1 నుంచి కాక 9 నుంచి మొదలవుతోంది. పుస్తకాలు కూర్చిన అనుభవమున్నవారు చెప్పగలరా?