బల్ల వెడల్పు రెండున్నర అడుగులు, నా క్లాంపులు (అతికేటప్పుడు పలకల్ని నొక్కిపట్టే బిగింపులు) రెండడుగులు. ఎలా బిగించాలి?

లంకకుర్రాడు, అమలాపురం దగ్గర:
మా పాత పెంకుటిల్లు విప్పితే టేకు దూలాలు మిగిలాయి. కోయిస్తే ఐదు పలకలొచ్చాయి. ఒక్కోటీ ఏడడుగుల పొడవు, ఆరంగుళాల వెడల్పు, ఒకటిన్నర అంగుళం మందం. అంచుకు అంచు అతికి సంక్రాంతిలోపు అమ్మకి ఉయ్యాల బల్ల చేద్దామని నా ఆశ. ఉన్నవి నాలుగు ఎఫ్-క్లాంపులు, రెండు జీ-క్లాంపులు. వర్క్‌షాపు అంటే మా సావిట్లో సగం, మిగతా సగం గేదెలది. నిన్న బంక లేకుండా రెండేసి క్లాంపులు తలకి తల తగిలించి బిగించాను. అందింది గానీ, బిగించేకొద్దీ పలకలు మధ్యలో వంతెనలా పైకి లేచాయి.

చిత్రిక, పాలకొల్లు:
లేస్తాయండి. క్లాంపులన్నీ ఒకే వైపు పెట్టుంటారు. ఒకటి కింద, ఒకటి పైన పెట్టుకుంటూ పోవాలి. పెద్ద పనులకి నేను పైపు క్లాంపులే (పైపు ఒక చివర మరతో ఎక్కే తల, రెండో వైపు జారే దవడ) వాడతాను. ముప్పావు అంగుళం జీఐ పైపు నిండుది ఇరవై అడుగులుంటుంది. నాలుగేసి అడుగులకి కోయిస్తే ఐదు క్లాంపులవుతాయి. మర ఒక చివరే చాలు, రెండో చివర దవడ జారేది. పైపు కొట్టుకెళ్లేటప్పుడు క్లాంపు తల చేత్తో పట్టుకెళ్లి, మరలో ఎక్కించి చూసుకున్నాకే డబ్బులివ్వండి. రేపు ఇంకా పెద్ద పని వస్తే ఒక పైపుకి రెండో చివర కూడా మర తీయించి, సాకెట్ వేసి రెండు పైపులు కలపొచ్చు.

తాళ్లరేవు వడ్రంగి:
ఒక్క బల్లకి అంత ఖర్చెందుకు? మా వైపు పడవలు కట్టే చోట ఏటవాలు చెక్కలు కొట్టి బిగించడం చూస్తూ పెరిగాం. మూడున్నర అడుగుల గట్టి కర్రలు ఏడు తీసుకోండి. ప్రతి కర్రకీ రెండు చివర్లా ముక్కలు బిగించండి. వాటి మధ్య ఖాళీ బల్ల వెడల్పు కంటే రెండంగుళాలు ఎక్కువుండాలి. బల్లని మధ్యలో పెట్టి, ఆ రెండంగుళాల సందులోకి రెండు ఏటవాలు చెక్కలు ఎదురెదురుగా తోసి సుత్తితో కొట్టండి. క్లాంపు చేసే పనే.

గోదారిగట్టు:
ఇవన్నీ లేని రోజుల్లో మా పెదనాన్న తాడు చుట్టి, మధ్యలో కర్ర దూర్చి మెలిపెట్టేవాడు. అంతే.

చిత్రిక, పాలకొల్లు:
కుర్చీ కాళ్లకి తాడు బ్రహ్మాండం, కాదనను. ఏడడుగుల అతుకుకి నేను ఒప్పుకోను. కొత్త తాడు సాగుతుంది. బంక ఆరకముందే పట్టు వదులుతుంది.

గోదారిగట్టు:
ఐదు నిమిషాలాగి ఇంకో మెలిక వేస్తారు మాస్టారూ, వదిలేసి టీకి పోరు కదా.

రావులపాలెం శ్రీమతి:
అసలు ఐదు పలకలకీ ఒకేసారి బంక ఎందుకండీ? మూడు కలిపితే పద్దెనిమిది అంగుళాలు, రెండు కలిపితే పన్నెండు. రెండూ మీ రెండడుగుల క్లాంపుల్లో పడతాయి. ఒక్కో రోజు ఒక్కో జట్టు. పెద్ద బిగింపు కావాల్సింది ఆఖరి అతుక్కి మాత్రమే. పైగా ఒక్కరే ఉంటే నాలుగు అతుకులకి రాసేసరికి మొదటి దాని మీద బంక పొర కట్టేస్తుంది. ఇంకో మాట, ఇనుప పైపు తడి బంకకి తగిలితే టేకు మీద నల్ల చార పడొచ్చు. మధ్యలో పాత ప్లాస్టిక్ కవరు వేయండి. నా డైనింగ్ టేబుల్ మీద మూడు చారలున్నాయి. టేబుల్ క్లాత్ వేసి కాపురం చేస్తున్నాను.

తాళ్లరేవు వడ్రంగి:
ఆవిడ మాటే మేలు. దూరం సంగతి కూడా చెప్తాను. క్లాంపు ఒత్తిడి పలకలోకి విసనకర్రలా విచ్చుకుంటుంది. ఆరంగుళాల పలకైతే అవతలి అంచు దగ్గర సుమారు అడుగు మేర పాకుతుంది. అందుకే ఏడడుగుల బల్లకి ఏడు కర్రలన్నాను, అడుగుకొకటి. కానీ చేత్తో నొక్కితే కలవని అతుకుని క్లాంపుతో కలపొద్దు. మళ్లీ చిత్రిక పట్టండి.

లంకకుర్రాడు:
అయిందండీ! మూడు, రెండు చొప్పున అతికాను. మొదటి జట్టుకి ఒక చివర వెంట్రుకంత సందు కనబడితే చిత్రిక పట్టి మళ్లీ మొదలెట్టాను. ఆఖరి అతుక్కి ఏటవాలు చెక్కలే కొట్టాను. పలకలు లేవకుండా రెండు చోట్ల పైనా కిందా అడ్డకర్రలు పెట్టి ఉన్న క్లాంపులతో నొక్కాను. ఆ కర్రలకి ప్యాకింగ్ టేపు చుట్టమని మా బావ చెప్పాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే అవీ బల్లతో పాటే ఊగేవి. సుత్తి చప్పుడుకి గేదె మాత్రం ఆ పూట పాలు చేపలేదు. ఇప్పుడు అడుగున అడ్డపట్టీలు వేయాలి. వాటికీ బంక రాసెయ్యనా?

రావులపాలెం శ్రీమతి:
వద్దు. వానాకాలంలో బల్ల అడ్డంగా ఉబ్బుతుంది, పట్టీ పొడవు మారదు. అంతా అతికేస్తే బల్ల పగలొచ్చు. మధ్యలో ఒక్క చోట రాసి, మిగతావి స్క్రూలు. పట్టీలో ఆ స్క్రూ బెజ్జాలు గుండ్రంగా కాకుండా బల్ల వెడల్పు వైపు కొంచెం కోలగా తొలవండి.