స్క్రూపులుస్: రాయా, సందేహమా?

కొత్తపదం: పోటీ పరీక్షకి చదువుతుంటే ‘స్క్రూపులస్’ అనే ఇంగ్లిష్ మాట తగిలింది. తప్పు జరగకూడదని ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేసేవాడట. మూలం చూస్తే లాటిన్ ‘స్క్రూపులుస్’, మొనదేలిన చిన్న రాయి అని ఉంది. రాయికీ నిజాయితీకీ ఏంటి సంబంధం?

గట్టుమీద: చెప్పులో రాయి పడితే ఊరుకోగలమా? మనసులో గుచ్చేదీ అంతే. వేమన ఇంట్లో పోరు గురించి చెప్తూ ముందు ఎత్తుకున్నది చెప్పులోని రాయినే కదా!

పాతకాగితం: పోలిక బాగుంది కానీ రోమన్ లాయర్ సిసెరో ఈ పదం వాడినచోట చెప్పు లేదండీ, పొడవడం ఒక్కటే ఉంది. క్రీ.పూ. 80లో తండ్రిని చంపాడన్న కేసులో సెక్స్‌టుస్ రోస్కియుస్ తరఫున వాదించాడు. చనిపోయినాయన ఆస్తి 60 లక్షల సెస్టెర్స్‌లు (రోమన్ నాణేలు) అయితే, నియంత సుల్లా మనిషి క్రిసోగొనుస్ దాన్ని 2 వేలకు కొట్టేశాడని ఆరోపణ. కొడుకు బతికుంటే అది చేతిలో నిలుస్తుందో లేదోనని క్రిసోగొనుస్ దిగులు. ‘రాత్రింబవళ్లు పొడుస్తున్న ఈ స్క్రూపులుస్‌ని నా మనసులోంచి పీకేయండి’ అని వాడు జడ్జీలను కోరుతున్నాడని సిసెరో ఎద్దేవా చేశాడు. అంటే అక్కడ గుచ్చుతున్నది మనస్సాక్షి కాదు, దోచింది పోతుందన్న టెన్షన్!

మందులకొట్టు: మా పాత పుస్తకాల్లో స్క్రూపుల్ అంటే తూకం. 20 గ్రెయిన్లు ఒక స్క్రూపుల్, 3 స్క్రూపుల్స్ ఒక డ్రామ్. రెండింటి గుర్తులూ తారుమారు చేసి వైవాలో తిట్లు తిన్నాను. అదీ ఈ రాయేనా?

పాతకాగితం: అదే. రోమన్ల ఔన్సులో 24వ వంతు, గ్రాము కంటే కొంచెం ఎక్కువ. మన కంసాలులు గురిగింజతో బంగారం తూచినట్టే.

గట్టుమీద: సరే, ‘వాడికి స్క్రూపుల్స్ లేవు’ని తెలుగులో ఏమంటారు? నేనైతే ‘వాడికి వెనకాముందూ లేదు’ అంటా.

మందులకొట్టు: అది దూకుడు మనిషికి సరిపోతుంది. ‘తప్పనిపించదు వాడికి’ అంటే చాలు.

కొత్తపదం: నాదో సందేహం. పోయినవారం కూరగాయలామె 40 రూపాయలు ఎక్కువ ఇచ్చింది. అప్పటినుంచి ఆ సందులోకి వెళ్లట్లేదు. నాది ఏ రాయి?

పాతకాగితం: ఆమె అడుగుతుందేమోనని అయితే క్రిసోగొనుస్‌ది. అడగకపోయినా గుచ్చుతుంటే ఇంగ్లిష్ వాళ్లది.

కొత్తపదం: రెండూనండి. సాయంత్రం వెళ్తా.