గానుగ షాఫ్ట్ అనాలిసిస్: బేరింగుల దగ్గర ఏ కదలికలు లాక్ చేయాలి?

తిరుపతిలో బీటెక్ మెకానికల్, డిజైన్ ఎలెక్టివ్ చదువుతున్నాను. చిత్తూరు వైపు బెల్లం తయారీలో వాడే చెరకు గానుగ షాఫ్ట్ మా ప్రాజెక్టు. మెటీరియల్ ఈఎన్8 (మీడియం కార్బన్ స్టీల్). వ్యాసం 60 మి.మీ. నుంచి 50కి తగ్గే చోట మూలను గుండ్రంగా తీర్చిన వంపు (ఫిల్లెట్) రేడియస్ 5 మి.మీ., అక్కడ బెండింగ్ మూమెంట్ 900 న్యూటన్ మీటర్లు.

చేతి లెక్కలో అక్కడి స్ట్రెస్ 73 ఎంపీఏ (మెగాపాస్కల్), ఆకారం మారే చోట స్ట్రెస్ పెరిగే లెక్క (స్ట్రెస్ కాన్సంట్రేషన్) 1.6తో గుణిస్తే 117. కంప్యూటర్‌లో స్ట్రెస్ లెక్కించే సాఫ్ట్‌వేర్ ఆన్సిస్‌లోనూ ఫిల్లెట్ దగ్గర 119కి వచ్చి నిలబడింది. ఇంతవరకు నమ్మకంగానే ఉంది.

చిక్కంతా బేరింగ్ కూర్చునే చోట. ఫిక్స్‌డ్ సపోర్ట్ (కదలికలన్నీ బిగించేది) పెడితే దాని అంచున స్ట్రెస్, మెష్ (లెక్క కోసం షాఫ్ట్‌ను విడగొట్టే చిన్న ముక్కలు) 2 మి.మీ.కి 190 ఎంపీఏ, 1కి 260, 0.5కి 350. ఎంత సన్నం చేస్తే అంత పెరుగుతోంది, ఎక్కడా ఆగదు. సిలిండ్రికల్ సపోర్ట్‌లో రేడియల్ మాత్రమే ఫిక్స్ చేసినా అదే తీరు. అది షాఫ్ట్ వంపును కూడా పట్టేస్తున్నట్టుంది. రెండు చివర్లా రిమోట్ డిస్‌ప్లేస్‌మెంట్ (ఏ కదలిక, ఏ రొటేషన్ లాక్ చేయాలో విడివిడిగా ఎంచుకునే సపోర్ట్) పెట్టి రొటేషన్లన్నీ వదిలేస్తే రిజిడ్ బాడీ మోషన్ (షాఫ్ట్ మొత్తం పట్టు లేకుండా కదిలిపోవడం) వార్నింగ్ వచ్చి సాల్వ్ ఆగిపోతోంది. రివ్యూ దగ్గరపడుతోంది, టెన్షన్‌గా ఉంది.

రెండు వైపులా బాల్ బేరింగులే. రిమోట్ డిస్‌ప్లేస్‌మెంట్‌లో ఏ చివర ఏ కదలికలు, ఏ రొటేషన్లు లాక్ చేస్తే వంపును అడ్డుకోకుండా సాల్వ్ అవుతుంది?